గురువుగారి గొంతు తగ్గించిన రోజు

మా గురువుగారు గవర్రాజు గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాడి ప్రశ్న వేరే ప్రశ్నగా మారిపోతుంది, లేదా ఒళ్ళు నొప్పుల్లో పడి అసలు ప్రశ్నే మరిచిపోతాడు. నేనూ ఒకసారి బుద్ధి గడ్డి తిని, మాయ అంటే ఏమిటండీ అని అడిగాను. భజన మందిరం వెనక గుట్టగా పడివున్న కొబ్బరికాయలు చూపించి, శ్రీరామనవమి లోపల వాటి పీచు తీసి పెట్టమన్నారు. తీశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మాయ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ తరవాత ఆయన్ని నేను ఏ ప్రశ్నా అడిగిన పాపాన పోలేదు. వెనక వరసలో కూర్చుని నా డోలక్ నేను వాయించుకుంటాను. ఎవరైనా అమాయకుడు ఆయన ముందు నోరు తెరిస్తే, పాపం అనుకుంటాను.

ఈసారి నోరు తెరిచినవాడు దొరబాబు. మండపేట బస్టాండు దగ్గర వాడికి పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఉంది. ప్రతి శనివారం షట్టరు దించేసి మా భజన మండలికి వచ్చి హార్మోనియం వాయిస్తాడు. గురువుగారంటే వాడికి ప్రాణం. ఆయన కూర్చున్న చాపని కూడా కాలితో తగలనివ్వడు. ఆ శనివారం భజన అయ్యాక, వడపప్పు పంచుతుండగా, చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

"గురువుగారూ, అందర్నీ సమానంగా చూడాలని మీరెప్పుడూ అంటారు కదండీ. తీరా చూస్తే ఏ ఇద్దరూ సమానంగా ఉండరాయె. మరి సమానంగా చూడడమంటే ఏం చెయ్యాలండీ?"

నేను వాడి అరచేతుల వంక చూశాను. గురువుగారు వడపప్పు నిదానంగా నమిలి, మంచినీళ్ళు తాగి, "ఒరే దొరబాబూ, మన పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించావు కదా. ఒక పాట గట్టిగా, ఒక పాట మెల్లిగా వస్తోందని అందరూ ఒకటే గోల. వార్షికోత్సవం నాటికి అన్నిటినీ ఒక్క మట్టానికి తీసుకురా. తరవాత మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ గోల సంగతి చెప్పాలి. మా మండలిలో ఒక ఆనవాయితీ ఉంది. వార్షికోత్సవం రోజు పొద్దున్నే మేమెవరం పాడం. మాతో పాడి వెళ్ళిపోయినవాళ్ళ పాటలు, వాటి మధ్య గురువుగారి పాత పాటలు, మందిరంలో సౌండు బాక్సుల్లో పెట్టి అందరం కూర్చుని వింటాం. మేం ఇలా పాడుతున్నామంటే వాళ్ళు పాడబట్టే కదా, ఏడాదికి ఒక పూట నోరు మూసుకుని వాళ్ళని వినడం మా ధర్మం. కానీ ఆ క్యాసెట్లు ఏ ఏడు ఎవరు ఏ టేప్‌రికార్డరులో పట్టారో రాముడికెరుక. గురువుగారి గొంతు, వయసులో ఉన్నప్పుడు, మైకు లేకుండానే కాలవ అవతలికి వినబడేది. ఆయన పాట మొదలైతే చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు. ఆ వెంటనే ఇంకెవరిదో పాట, దోమ మూలిగినట్టు. ఆంప్లిఫయర్ పక్కన కూర్చునేవాణ్ణి నేనే గనక, బొత్తాం పెంచు, బొత్తాం తగ్గించు అని అన్ని వైపుల నుంచీ నా మీదే కేకలు. వార్షికోత్సవం అంటే నాకు నడుం నొప్పి అని అర్థం.

అందరికంటే అన్యాయమైపోయేది చిట్టబ్బాయి గారు. ఆయన రైస్ మిల్లులో పనిచేసేవారు. ఆ రొదలో పనిచేసేవాళ్ళకి ఎవరికైనా గొంతు పెద్దదవుతుంది. ఈయనకి మాత్రం ఏదైనా చెప్పాలంటే దగ్గరికొచ్చి చెవిలో చెప్పడం అలవాటైంది. భజన చివర స్వామివారిని నిద్రపుచ్చే పవళింపు పాట ఆయనదే. ఎంత మెత్తగా పాడేవారంటే, స్వామి సంగతేమో గానీ మా వెనక వరసలో ఇద్దరు ముగ్గురం నిజంగానే కునికేవాళ్ళం. ఆయన పోయి కొన్నేళ్ళయింది. పవళింపు గనక క్యాసెట్లోనూ ఆయనది చివరి పాటే. దానికి ముందు గురువుగారి మంగళహారతి. ఆ హోరు అణిగి, ఎవరో అరిచి, నేను వంగి బొత్తాం పెంచేలోగా పల్లవి వెళ్ళిపోయేది. కార్యక్రమం అయిపోయిందనుకుని జనం లేచి చెప్పులు వెతుక్కునేవారు. ఆయన భార్య మంగాయమ్మ గారు మాత్రం సౌండు బాక్సుకి చెవి ఆనించినంత దగ్గరగా కూర్చుని, పాట పూర్తయ్యాక అందరికీ ఒక దండం పెట్టి వెళ్ళిపోయేది. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఈ ఏడు ఆవిడ దొరబాబు స్టూడియోకి వచ్చింది. పింఛను కాగితాలకి ఫొటో దిగడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"బాబూ, నాకు చెవులు పోతున్నాయి. వచ్చే ఏటికి ఈ మాత్రం కూడా ఉండదని కాకినాడలో డాక్టరు గారు చెప్పేశారు. ఈసారి ఆయన పాట కాస్త వినబడేటట్టు పెడతావా?" అంది.

దొరబాబు మెత్తని మనిషి. అప్పటికప్పుడు ఆ పాట పెట్టి, చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఎంతసేపైనా వినండమ్మా అన్నాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

"ఒక్కదాన్నీ వినడానికేం బాబూ, ఆయన నాకు ఇంట్లో బోలెడు పాడారు. వాటికి చెవులతో పనిలేదు. సభలో నలుగురూ కూర్చుని ఆయన పాట విన్నారని నేను చూడలేదు. ఆయనా చూసుకోకుండానే పోయారు. ఆ ఒక్కటీ చూడాలని ఉంది."

నేను మొహం తుడుచుకున్నాను. ఫొటో దిగకుండానే వచ్చేశాను. దిగినా ఆ మొహానికి పింఛను ఆపేసేవారు.

ఇక దొరబాబు రాత్రింబవళ్ళు అదే పని మీద కూర్చున్నాడు. పనిమంతుడే, కాదనను. కానీ వాడొక తప్పు చేశాడు, అది మా మండలి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పాటలన్నీ ఒక్క మట్టానికి రావాలంటే ఏదో ఒక పాటని కొలతగా పెట్టుకోవాలి కదా. వాడు ఆలోచించకుండా గురువుగారి పాటనే పెట్టుకున్నాడు. అది ఉన్నచోట ఉంటుంది, దాన్ని ముట్టుకోవడం అపచారం. మిగతావాళ్ళందర్నీ ఆ ఎత్తుకి లేపాలి. చాలామంది లేచారు కూడా. చిట్టబ్బాయి గారి దగ్గరే చిక్కొచ్చింది. కంప్యూటర్లో చప్పుడుకి ఒక కప్పు ఉంటుందట, దాన్ని దాటి ఏదీ పైకి పోవడానికి లేదట. ఆ పాటలో గొంతు నేల మీద ఉంది గానీ, పక్కన వేసిన తాళం చప్పుడు అప్పటికే కప్పుకి తగులుతోంది. అటక కింద నిలబడ్డ పొడుగాటి మనిషిని ఇంకా పైకి ఎత్తితే నెత్తి బొప్పి కట్టదూ, అదీ సంగతి. చివరికి వాడు తాళాన్ని నొక్కి అణిచిపెట్టి, గొంతుని బలవంతాన పట్టి లాగాడు.

వార్షికోత్సవానికి ముందు శనివారం, భజన మొదలవకముందే మంగాయమ్మ గారిని పిలిపించి మందిరంలో ఆ పాట వినిపించాడు. గురువుగారు కుర్చీలో ఉన్నారు, నేను ఆంప్లిఫయర్ దగ్గర. ఏం చెప్పమంటారు! వడగళ్ళ వానలో రేకుల షెడ్డు కింద నిలబడి ఎవరో మనల్ని తిడుతున్నట్టుంది. స్వామిని జోకొట్టే పాట అది. ఆ కేకకి పడుకున్న స్వామి కూడా మంచం దిగి పారిపోతాడు. మంగాయమ్మ గారు చెవి ఒగ్గి, నొసలు ముడేసి, మర్యాదగా చివరిదాకా విన్నది.

"ఎవరిది బాబూ ఇది?" అంది.

"మీవారిదేనండీ."

ఆవిడ మెల్లిగా తల అడ్డంగా ఊపింది. "కాదు బాబూ. ఆయన అరవరు."

ఆపైన వాడి మొహం చూసి జాలిపడి, "చాలా కష్టపడ్డావు నాయనా, పోనీలే" అని భుజం తట్టి వెళ్ళిపోయింది. కోప్పడినా బాగుండేది. ఆ పోనీలే అన్న మాటకి దొరబాబు గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పెన్ డ్రైవ్ తీసి వాడి జేబులో పెట్టాను.

కాసేపటికి గురువుగారు అడిగారు. "ఎక్కడరా అడ్డం పడింది?"

"తాళం దగ్గరండీ. చిట్టబ్బాయి గారి పాటలో ఎవరో తాళం మరీ గట్టిగా వేశారండీ. ఆ చప్పుడుండగా ఆయన్ని పైకి తేవడానికి చోటు లేదండీ. ఎవడో గానీ, కొంచెం మెల్లిగా వేసి ఏడవొచ్చు కదండీ."

నేను కళ్ళతో సైగ చేశాను. వాడు చూస్తేగా.

"నేనేరా," అన్నారు గురువుగారు. "వాడిది పీలగొంతు. పాట తేలిపోకుండా సాయం చేస్తున్నాననుకుని, పక్కనే కూర్చుని గట్టిగా వేసేవాణ్ణి."

దొరబాబు గబగబా చెంపలేసుకున్నాడు. గురువుగారు వాడి చెంపల్ని పట్టించుకోలేదు. కండువాతో మోకాలు తుడుచుకున్నారు.

"వాణ్ణి పైకి తేవడం కుదరదన్నావు. తక్కినవాళ్ళని కిందకి తేవడం కుదురుతుందా?"

"ఆయ్, అది సులువేనండీ. కానీ అందరికంటే ఎక్కువ తగ్గాల్సింది తమరేనండీ. నా చేత్తో మీ గొంతు తగ్గించమంటారా? నా వల్ల కాదండీ, కళ్ళు పోతాయి."

"తగ్గించరా. అదెప్పుడో తగ్గింది, నువ్వే గమనించలేదు."

"మరి అన్నీ గుసగుసల్లా ఉంటే జనానికి ఎలా వినబడతాయండీ?"

గురువుగారు నా వంక చూపించారు. "వీడున్నాడు కదా బొత్తాం తిప్పడానికి. అందరికీ కలిపి ఒక్కసారి తిప్పుతాడు. వీడి నడుముకీ సుఖం."

వార్షికోత్సవం నాడు పొద్దున్నే మందిరం నిండిపోయింది. మొదటి పాట ఎప్పటిలాగే గురువుగారిదే. అది మొదలయ్యేసరికి అలవాటు చొప్పున తల్లులు పిల్లల చెవులు మూశారు. తీరా చూస్తే గురువుగారి పాట పక్కింట్లోంచి వస్తున్నట్టు మెల్లిగా వచ్చింది. ఎవరికీ ఏం అర్థం కాలేదు. మా మండలి పెద్ద సుబ్బారాయుడు గారు లేచి, "ఇదెక్కడి చోద్యమయ్యా! గురువుగారి గొంతు నొక్కేశారేంటి? ఎవడు చేశాడీ పని?" అని మీసం మీద చెయ్యేశారు. దొరబాబు హార్మోనియం పెట్టె వెనక్కి దూరాడు. గురువుగారు కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తి ఆయన్ని కూర్చోమన్నారు, నాకేసి చూసి తల ఊపారు. నేను బొత్తాం పట్టుకుని, వెనక వరసకి హాయిగా వినబడేదాకా తిప్పాను. తిప్పి, చెయ్యి తీసేసి, వచ్చి జనంలో కూర్చున్నాను.

ఆ తరవాత నన్నెవరూ పిలవలేదు. నరసాయమ్మ గారి మేలుకొలుపు వచ్చింది. పోస్టుమాన్ వీర్రాజు గారి దరువు వచ్చింది. మధ్యమధ్య గురువుగారు. ఒకరు అయ్యాక ఒకరు, ఎవరూ ఎవరి మీదా పడకుండా, అందరూ ఒకే చాప మీద సర్దుకుని కూర్చుని పాడుతున్నట్టుంది. ఇన్నేళ్ళూ ఆ బొత్తాం గొడవలో నేను ఒక్క పాటా పూర్తిగా వినలేదని అప్పుడు తెలిసింది. వీర్రాజు గారు దరువు మధ్యలో చిన్నగా నవ్వుతారు. ఆయన పోయాక ఆయన నవ్వు ఇలా వింటాననుకోలేదు. దొరబాబు చేతులకి దండం పెట్టాలనిపించింది నాకు.

మంగళహారతి అయ్యింది. చిట్టబ్బాయి గారి పాటకి గురువుగారు వేసిన తాళం మోగింది. గట్టిగానే మోగింది, కానీ దాని పక్కన గొంతు నలగలేదు. ఉన్నది ఉన్నట్టు, మెత్తగా, పల్లవి మొదటి మాట నుంచీ వినబడింది. లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. చెప్పుల దాకా వెళ్ళినవాళ్ళు గడపలోనే ఆగిపోయారు. సుబ్బారాయుడు గారు కళ్ళు మూసుకున్నారు. రెండో చరణానికి ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో పల్లవి సన్నగా అందుకున్నారు, ఇంకొకరు కలిశారు. ఎవరూ గొంతు ఎత్తలేదు. ఆ పాటకి గొంతు ఎత్తాలని ఎవరికీ అనిపించదు.

నేను మంగాయమ్మ గారి కోసం చూశాను. ఏటా సౌండు బాక్సుకి చెవి ఆనించే మనిషి, ఈసారి దానికి వీపు పెట్టి కూర్చుంది. జనం వైపు తిరిగి కూర్చుంది. ఒక్కొక్క మొహమే చూస్తోంది, తొందరేం లేకుండా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. నా వరకూ వచ్చినప్పుడు నేను కళ్ళు దించుకున్నాను. ఏడుస్తున్నానని కాదు, అదీ నిజమేననుకోండి, ఆవిడ చూడవలసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కదా అని.

పాట అయ్యాక దొరబాబు దగ్గరికి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత బాగా పెంచావు బాబూ ఆయన్ని! నువ్వు చల్లగా ఉండాలి" అంది. వాడు ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఆయన్ని నేను ముట్టుకోలేదమ్మా" అని చెప్పబోయి, సగంలో మానేసి, ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. అక్కణ్ణుంచి ఆవిడ గురువుగారి కుర్చీ ముందుకి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీకు ఎప్పుడూ చెప్పలేదు. సభలో ఆయనకి నోరు పెగిలేది కాదు. పక్కన మీ తాళం ఉందనే ధైర్యంతోనే పాడేవారు. గవర్రాజు నా పాట ఎంత శ్రద్ధగా వింటాడో, ఎలా తాళం వేస్తాడో చూశావా అని ఇంటికొచ్చి ప్రతి శనివారం చెప్పుకునేవారు. మీ మేలు మేం మరిచిపోలేం."

గురువుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆయన ఎవరి కోసమూ లేవగా నేను చూడలేదు. ఆవిడకి దండం పెట్టి, ఆవిడ గడప దాటి వెళ్ళేదాకా అలాగే నిలబడ్డారు. పక్కన దొరబాబు ఏదో అడుగుదామని నోరు తెరిచాడు. గురువుగారు వాడి భుజం ఆసరాగా పట్టుకున్నారు.

"అన్నేళ్ళు వాడి పక్కనే కూర్చున్నానురా," అన్నారు. "ఇవాళ విన్నాను."